కృష్ణప్రసాద్ గారి రేగుచెట్టు పర్మిట్లు

కృష్ణప్రసాద్ గారి లెక్కలో, కాగితం లేకుండా జరిగిన పని అసలు జరగనట్టే. ఆయన జీవితంలో పర్మిట్ లేకుండా జరిగిన పెద్ద పని పెళ్ళి ఒక్కటేనని, ఆ లోటు ఆయన్ని ఇప్పటికీ పీడిస్తూ ఉంటుందని ఆయన భార్య వసుంధర అనేది. ఆయనది తెనాలి. దోహాలో ఒక పెద్ద నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. వరల్డ్ కప్పుకు ఇంకా నాలుగేళ్ళు పైనే ఉంది గానీ, రేపే బంతి తన్నబోతున్నట్టు ఊరంతా తవ్వి కడుతున్న రోజులవి.

ఎత్తు మీద పని చేయాలంటే ఒక పర్మిట్, గుంటలో దిగాలంటే ఒక పర్మిట్, నిప్పు ముట్టించాలంటే ఒక పర్మిట్. ఇది అన్ని సైట్లలోనూ ఉన్నదే. మిగతా సేఫ్టీ ఆఫీసర్లు సాయంత్రం కాగానే హెల్మెట్‌తో పాటు ఆ అలవాటును కూడా మేకుకు తగిలించి ఇంటికి పోయేవారు. కృష్ణప్రసాద్ గారు రెండిటినీ వెంట తీసుకెళ్ళేవారు.

దోహాలోని అల్ హిలాల్ పేటలో ఒక పాత విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిస్తే, అందులో వెనక వాటా వాళ్ళది. వంటింటి అలమర మీది ఆవకాయ జాడీ దించాలంటే స్టూలెక్కాలి. స్టూలెక్కడమంటే ఎత్తు మీద పని. ఒకసారి ఇంటికి చుట్టాలొచ్చారు. వసుంధర పర్మిట్ తీసుకునే స్టూలెక్కింది. జాడీ చేతికందేసరికి ఆయన గడియారం చూసుకున్నారు.

"వసూ, పర్మిట్ ఆరింటి వరకే. ఇప్పుడు ఆరూ అయిదు."

"జాడీ చేతిలోనే ఉందండీ, దిగిపోతాను."

"కదలకు. టైము పొడిగించి రాస్తాను."

ఆయన పెన్ను వెతుక్కోవడానికి వెళ్ళారు. ఆమె జాడీ పట్టుకుని స్టూలు మీద నిలబడే చుట్టాలను పలకరించింది. పావుగంట తర్వాత ఆవకాయ నేలకు దిగింది, ప్రమాదమేమీ జరగలేదని ఫైల్లో రాసి ఉంది.

ఈ మనిషి చేతిలో అందరికన్నా ఎక్కువ కాగితాలు పడ్డవాడు రాజన్న. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. కంపెనీలో షట్టరింగ్ కార్పెంటరు, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించేవాడు. సనయ్య అనే పారిశ్రామికవాడలో క్యాంపు, ఒక గదిలో ఆరుగురు. నలభై అయిదేళ్ళ వయసులో, నేల మీద ఎంత బరువైనా మోసేవాడికి ఒకరోజు పైన ఉండగా తల తిరిగింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. స్కాఫోల్డింగ్ మీద, అంటే ఇనుప గొట్టాల పరంజా మీద, మూడో అంతస్తు ఎత్తులో ఉన్నాడు. కింద నేల ఒక పక్కకు ఒరిగినట్టయింది. గొట్టాన్ని రెండు చేతులా వాటేసుకుని, కళ్ళు మూసుకుని, ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరినీ వరసగా తలుచుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి కింద కృష్ణప్రసాద్ గారు నిలబడి పైకి చూస్తున్నారు.

రాజన్నకు తల తిరగడం కన్నా దానికే ఎక్కువ భయం వేసింది. ఎత్తు మీద పనికి పనికిరాడని సేఫ్టీ ఆఫీసరు ఒక్క మాట రాస్తే, షట్టరింగ్ కార్పెంటరుకు మిగిలేది ఇంటికి టికెట్టే. కూతురు తిరుమల కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళు ఎలాగైనా ఇక్కడ నిలబడాలన్నదే రాజన్నకున్న ఒకే ఒక్క ఆలోచన.

"రాజన్నా, గడ్డం కింద హెల్మెట్ పట్టీ వదులుగా ఉంది. కిందకి దిగు. నిదానంగా దిగు," అని కింది నుంచి కేక వినిపించింది.

రాజన్న గుండె కుదుటపడింది. పట్టీనే చూసినట్టున్నాడు, ఇంకేమీ చూడలేదు అనుకున్నాడు. కిందకు దిగాక కృష్ణప్రసాద్ గారు పట్టీ గురించి ఒక కాగితం రాసి, రాస్తూ రాస్తూ అడిగారు.

"ఇక్కడికి రాకముందు ఏం చేసేవాడివి?"

"నర్సరీల పని చేసిన సారు. మామిడికి, రేగుకు అంట్లు కడుతుంటి."

"అంటు కట్టడంలో ప్రమాదం ఏమన్నా ఉంటుందా?"

"ఏముంటది సారు. కత్తి ఉంటది."

కత్తి అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "శుక్రవారం మా ఇంటికి రావాలి. మా పెరట్లో చెట్టుంది," అన్నారు.

వారానికి ఒక్క సెలవు శుక్రవారం. బట్టలుతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, కాస్త నడుం వాల్చాలి. అయినా సేఫ్టీ సారును కాదనే ధైర్యం ఆ రోజు రాజన్నకు లేదు. క్యాంపు గేటు దగ్గరికి కృష్ణప్రసాద్ గారే కారు తెచ్చారు. టైర్లు నాలుగూ చూసి, బెల్టు రెండుసార్లు లాగి చూసి, అప్పుడు బయల్దేరారు.

పెరట్లో ఉన్నది సిద్ర్ చెట్టు. ఖతర్‌లో ఎక్కడ చూసినా ఉండే ముళ్ళ రేగు. ఉప్పునీళ్ళు పోసినా బతుకుతుంది, గోళీలంత కాయలు కాస్తుంది. దాని పక్కన ఒక కుండీలో ఆరాకుల యాపిల్ మొక్క ఒకటి, తప్పు చేసి దొరికిపోయినదానిలా నిలబడి ఉంది.

"ఈ చెట్టు మీద ఈ యాపిల్‌ని అంటు కడదాం. చార్టు వేశాను. 2022 నవంబరు నాటికి, అంటే కప్పు మొదలయ్యేసరికి, దోహాలో మన యాపిల్ పండాలి," అన్నారాయన.

రాజన్న చెట్టునూ మొక్కనూ చూశాడు. "నిలవది సారు. రేగు మీద రేగే నిలుస్తది. యాపిల్ జాతి వేరు."

"చార్టులో మాత్రం సరిపోయింది."

"చెట్టుకు కప్పు సంగతి తెల్వది సారు."

ఆయన వినలేదు. ముందు పర్మిట్ రాశారు. పని పేరు, చోటు, మొదలుపెట్టే సమయం, ముగించే సమయం. ప్రమాదాలు: ముళ్ళు, కత్తి, చీమలు. చెట్టు మొదట్లో మంటలార్పే ఎర్ర సిలిండరు పెట్టారు. వసుంధరను పిలిచి గేటు ఎటుందో చూపించారు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ గేటులోంచే వస్తూ పోతూ ఉంది. ఆ తర్వాత రాజన్నను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి బీపీ మిషన్ చుట్టారు.

"గిదెందుకు సారు?"

"కత్తి పట్టుకునే మనిషికి పనికి ముందు ఆరోగ్య పరీక్ష. నూట అరవై ఉంది. ఈ అంకెతో పర్మిట్ ఇవ్వడం కుదరదు. రేపు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మాత్రలు తెచ్చుకోవాలి."

"మరి గీ పని?"

"ఇవాళ నువ్వు చెప్పు, నేను కోస్తాను."

ఆయన చేతులకు దళసరి తొడుగులు వేసుకున్నారు. ఆ తొడుగులతో కత్తినే కాదు, గుమ్మడికాయను పట్టుకోవడం కూడా కష్టం. బొటనవేలికి బెరడు తెలియకపోతే అంటు కుదరదని రాజన్న ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఎడమ చేతికి తొడుగు, కుడి చేతికి మినహాయింపు అని ఇద్దరూ రాజీకొచ్చారు. ఆ మినహాయింపుకు వేరే కాగితం.

"సారు, గిది అంటు కట్టుడు. బాయి తవ్వుడు కాదు," అన్నాడు రాజన్న. వసుంధర నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు పప్పు, దొండకాయ వేపుడు, అన్నం తెచ్చింది. "ఇక్కడ తినడానికి పర్మిట్ అక్కర్లేదు రాజన్నా, కూర్చో," అంది.

యాపిల్ తొమ్మిదో రోజున చచ్చిపోయింది. రాజన్న చెప్పినట్టే జరిగింది. కానీ కృష్ణప్రసాద్ గారు అంత తేలిగ్గా వదిలేవారు కాదు. మరుసటి శుక్రవారం ప్రమాద విచారణ పెట్టారు. ఎండిపోయిన పుల్లను ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రపరిచి, సాక్షుల్ని ఒక్కొక్కరినీ పిలిచారు.

"ఘటన జరిగిన సమయంలో మీరెక్కడ ఉన్నారు?"

పర్మిట్ మీద ఉన్నంతసేపూ ఆయన రాజన్నను మీరు అనేవారు. పర్మిట్ మూసేశాక మళ్ళీ నువ్వు.

"క్యాంప్ల పండుకున్న సారు."

"చనిపోయే ముందు మొక్క ప్రవర్తనలో తేడా ఏదైనా గమనించారా?"

"వాడిపోయింది సారు."

"అసలు కారణం ఏమనుకుంటున్నారు?"

"మీరే సారు."

ఆయన తల పంకించి, అది కూడా అలాగే రాసుకున్నారు. తన తప్పును తనే నీట్‌గా రాసుకునే మనిషిని రాజన్న అంతకుముందు చూడలేదు. ఆ రోజు మొదటిసారి ఈ మనిషి మీద కొంచెం అభిమానం కలిగింది, కలిగినందుకు కొంచెం చిరాకూ వేసింది.

ఆ తర్వాత రాజన్న మాట ప్రకారమే ఒక యాపిల్ రేగు మొక్కను కొన్నారు. మన దగ్గర ఇప్పుడు తోటల్లో వేస్తున్న పెద్ద కాయల రేగు అది. రాజన్న బీపీ నూట నలభైకి దిగింది. పర్మిట్ వచ్చింది. అతను సిద్ర్ కొమ్మను కోసి, నడిమికి చీల్చి, యాపిల్ రేగు పుల్లను రెండు వైపులా ఒక్కొక్క లాగుతో చెక్కి, చీలికలోకి దించి, బెరడుకు బెరడు ఆనించి, ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. దాని పర్మిట్ రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. అంటుకు ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో వసుంధర తీసింది. కాగితం కింద రాజన్న తెలుగులో సంతకం చేశాడు. ఇంగ్లీషులో పైన ఏముందో అతనికి తెలియదు.

రాజన్న కట్టినవి వరసగా చిగుర్లేశాయి. కృష్ణప్రసాద్ గారు కట్టినవి వరసగా చచ్చాయి. కోత బాగానే నేర్చుకున్నారు, చుట్టడమూ వచ్చింది. అయినా ఒక్కటీ నిలవలేదు. ఐదోది పోయాక రాజన్నకు అనుమానం వచ్చింది.

"కట్టినంక ఏం చేస్తున్నరు సారు?"

"ఏం చేయడం లేదు. రోజూ ఇన్‌స్పెక్షన్, అంతే."

"ఎట్ల?"

"పట్టీ విప్పి చూసి, బాగుందని రాసి, మళ్ళీ కడుతున్నాను."

రాజన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దినాం ఇప్పి సూస్తే ఎట్ల అతుక్కుంటది సారు? ఒకపారి కట్టినంక మూడు వారాలు దాని దిక్కు సూడొద్దు."

"మూడు వారాలు చూడకుండా బాగుందని ఎలా రాయను?"

"రాయకున్రి."

ఆ సలహా ఆయనకు ఎంత కష్టం కలిగించిందో ముఖంలోనే కనిపించింది. ప్రయత్నించారు. ఆరో అంటుకు నాలుగు రోజులు ఆగారు. ఏడోదానికి ఆరు రోజులు. ఎనిమిదోదాని మీద 'విప్పరాదు' అని ఎర్ర చీటీ కట్టి, పదో రోజున ఆ చీటీ సరిగ్గా ఉందో లేదో చూడడానికి విప్పారు.

రాజన్న ఇదంతా ఫోన్లో చెప్తే భార్య సాయవ్వ నమ్మలేదు. "దుబాయ్ పోయి రేగుచెట్లకు అంట్లు కడుతున్నవా? గా పని ఈడ లేదా?" అంది. ఆమెకు దోహా అయినా దుబాయే. తల తిరిగిన సంగతి మాత్రం అతను ఆమెకూ చెప్పలేదు.

ఇంట్లో పప్పన్నం పెట్టే మనిషి సైట్‌లో మాత్రం రాజన్నను పట్టి పీడించాడు. రాజన్న స్కాఫోల్డింగ్ మీద కాలు పెట్టబోతే చాలు, ఎక్కడో ఒకచోటి నుంచి కృష్ణప్రసాద్ గారు ఊడిపడేవారు. బెల్టు మీద రంగు చీటీ వెలిసిపోయింది, దిగు. బూటు లేసు పొట్టిగా ఉంది, దిగు. కళ్ళద్దాల మీద గీత ఉంది, దిగు. ఇవాళ నీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, కాగితం మారేదాకా కిందే ఉండు. కింద ఉన్నప్పుడు రాజన్న రంపం బల్ల దగ్గర చెక్కలు కోసేవాడు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. రాజన్న పైకి ఎక్కిన రోజు ఒక్కటీ లేదు.

ఫోర్‌మన్ గజేందర్‌ది సిరిసిల్ల. అతనికి ఒళ్ళు మండిపోయేది. "ఏమే రాజన్నా, సేఫ్టీ సారుకు నీ మీద పగ ఏమన్న ఉన్నదా? క్యాంప్ల మూడు వందల మంది ఉంటే నీ లేసే కండ్లవడ్తది."

"ఆయన గుణమే గంతనే," అనేవాడు రాజన్న. పైకి తిట్టుకున్నా లోపల అతనికి హాయిగానే ఉండేది. ఈయన చాదస్తం పుణ్యమా అని కాలు నేల మీదే ఉంది. కానీ చాదస్తాన్ని నమ్ముకుని ఎన్నాళ్ళు నెట్టుకురాగలడు? ఒక రోజు ఆయన సెలవు పెడితే చాలు, నిచ్చెన ఎక్కాల్సిందే.

ఎండాకాలం వచ్చింది. మధ్యాహ్నం వేళ బయట పని చేయించకూడదని దోహాలో నియమం ఉంది. కృష్ణప్రసాద్ గారు దాన్ని చెట్టుకు కూడా వర్తింపజేశారు. పదకొండున్నర నుంచి మూడు వరకు దానికి విశ్రాంతి. ఆకుపచ్చ నీడ వల కట్టి, ఆ వేళలో దాన్ని ఎవరూ ముట్టకూడదని గోడ మీద రాసి అంటించారు. పక్క వాటాలో ఉండే కనీజ్ బేగం కరివేపాకు కోసుకోవడానికి వచ్చి, ఆ కాగితం చదివి, కరివేపాకుకు కూడా ఇదే టైమా అని అడిగి మరీ కోసుకుంది.

అక్టోబరులో మళ్ళీ అంట్లు మొదలయ్యాయి. నవంబరు మొదట్లో కృష్ణప్రసాద్ గారు ఇంకో అంటు కట్టి, కత్తినీ ఎర్ర చీటీలనూ వసుంధరకు అప్పగించి, అలమర మీద ఆవకాయ జాడీ వెనకాల దాచమన్నారు. "నేనడిగినా ఇవ్వకు. దించాలంటే పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ నేను రాయను," అన్నారు. ఆయన్ని ఆయనే అంత గట్టిగా బంధించుకోవడం అదే మొదటిసారి.

ఆ నెలాఖరులో, ఒక గురువారం, క్యాంపు గోడ మీద నోటీసు పడింది. ఎత్తు మీద పని చేసేవాళ్ళందరికీ ఆదివారం డాక్టర్ పరీక్ష. కళ్ళు మూసుకుని ఒంటి కాలి మీద నిలబెడతారట. గజేందర్ జాబితా చదివాడు. నాలుగో పేరు రాజన్నది.

ఆ సాయంత్రం రాజన్న గదిలో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని ఒంటి కాలి మీద నిలబడి చూసుకున్నాడు. మూడు లెక్కపెట్టేలోగా మంచం పట్టుకున్నాడు. ఇంక అయిపోయిందనుకున్నాడు. కూతురితో ఫోన్లో మాట్లాడాడు గానీ, ఆమె పరీక్షల గురించి చెప్తుంటే ఊరికే ఊఁ కొడుతూ పోయాడు.

మర్నాడు శుక్రవారం, సారు ముందు అన్నీ ఒప్పుకుందామని వెళ్ళాడు. ఎలాగూ తెలిసేదే, తన నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది. గొంతు సవరించుకున్నాడు. "సారు, నేనొక మాట..."

"ఏమీ చెప్పకు," అన్నారు కృష్ణప్రసాద్ గారు, చాలా గట్టిగా. ఆయన అలా మాట్లాడగా రాజన్న ఎప్పుడూ వినలేదు. "ఆదివారం పొద్దున ఏడింటికి, డాక్టర్ దగ్గరికి కాదు, ముందు ముఖ్తార్ ఆఫీసుకు వెళ్ళు. ఈ ఫైలు ఇవ్వు. మధ్యలో తెరవకు."

ఫైలు లావుగా ఉంది. అట్ట మీద ఇంగ్లీషులో తన పేరు ఉందని మాత్రం రాజన్న పోల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ రాసిందంతా ఇదన్నమాట అనుకున్నాడు. లేసులు, చీటీలు, పట్టీలు. ఆ రోజు పప్పన్నం ముట్టలేదు. వసుంధర రెండుసార్లు అడిగి, మూడోసారి గిన్నె కట్టి ఇచ్చింది.

ముఖ్తార్‌ది పాకిస్తాన్‌లో నర్సరీలకు పేరున్న ఒక ఊరు. స్టేడియం చుట్టూ చెట్లు నాటే పని ఈ మధ్యే కంపెనీకి వచ్చింది. దానికి అతనే పెద్ద. కంటైనర్ ఆఫీసులో కూర్చుని, చాయ్ తాగుతూ, రాజన్నను పైనుంచి కింది దాకా చూశాడు. చెట్ల పనికి ఒక మనిషిని పంపుతానని సేఫ్టీ సారు అతనికి ముందే చెప్పి ఉంచారు.

"సబ్ బోల్తే హై, మై మాలీ హూఁ. కాగజ్ కిధర్ హై?" అన్నాడు. అందరూ తోటమాలినే అంటారు, రుజువు కాగితం ఏదీ అని.

రాజన్న ఫైలు ఇచ్చాడు. ముఖ్తార్ ఒక కాగితం తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. చాయ్ పక్కన పెట్టాడు. నలభై మూడు కాగితాలున్నాయి. ప్రతిదానికీ తేదీ, సమయం, ముందు ఫోటో, తర్వాత ఫోటో, ఇరవై ఒక్క రోజుల తర్వాత చిగురు ఫోటో. ప్రతిదాని మీదా ఒకే మాట. ముఖ్తార్ దాన్ని పైకి చదివి హిందీలో చెప్పాడు: పని చేసినవారు, రాజన్న, అంట్లు కట్టే నిపుణుడు. నేర్చుకుంటున్నవారు, కృష్ణప్రసాద్.

యాపిల్ ప్రమాద విచారణ కాగితం దగ్గర అతను ఆగి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముజ్రిమ్ ఖుద్ సేఫ్టీ ఆఫీసర్," అన్నాడు. నేరస్థుడు సేఫ్టీ ఆఫీసరేనట. తర్వాత కత్తి, రెండు రేగు పుల్లలు రాజన్న ముందు పెట్టాడు. రాజన్న ఒక్కొక్క లాగుతో చెక్కి చూపించాడు. ముఖ్తార్ ఆ కోత మీద వేలు పెట్టబోతే, "హాథ్ మత్ లగావ్, సాబ్," అని ఆపాడు. కోతకు చెయ్యి తగిలితే అంటు చెడిపోతుంది. ముఖ్తార్ ఇంకేమీ అడగకుండా బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు. చెట్ల పని వాళ్ళకు ఎత్తు పరీక్ష లేదు.

ఫైలు మూయబోతూ ముఖ్తార్ అట్టకు అతుక్కుని ఉన్న ఒక కాగితం లాగాడు. "యే పౌధే కా నహీఁ హై," అన్నాడు. ఇది మొక్కల కాగితం కాదు. దాన్ని కూడా చదివి హిందీలో చెప్పాడు. నంబరు ఒకటి. తేదీ ఫిబ్రవరిది, రాజన్నకు తల తిరిగిన రోజుది. పని: రాజన్నను పై నుంచి నేల మీదికి తేవడం, నేల మీదే ఉంచడం. ప్రమాదం: ఇంటికి పంపేస్తారు. జాగ్రత్త: అతనికి తెలియనివ్వరాదు. స్థితి: ఇంకా పూర్తి కాలేదు.

రాజన్న ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా, చాలాసేపు చూశాడు. లేసు, కళ్ళద్దాలు, పేరులో అక్షరం, వెలిసిపోయిన చీటీ, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పది నెలలు ఈ మనిషిని తిట్టుకున్నాను గదా అని సిగ్గేసింది. బయటికొచ్చి సైటు దుమ్ములో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరూ అడగరు, దుమ్ము పడిందనుకుంటారు.

ఆ శుక్రవారం ఎవరూ పిలవకపోయినా అల్ హిలాల్‌కు వెళ్ళాడు.

"ఆ దినం సూసిన్రా సారు?"

కృష్ణప్రసాద్ గారు రాజన్న చేతిలోని కాగితం చూసి కంగారుపడ్డారు. "ఇది ఆ ఫైల్లోకి ఎలా వెళ్ళింది? ఇది వేరే ఫైల్లో ఉండాలి. వసూ, ఎనిమిదేళ్ళలో నేను చేసిన మొదటి ఫైలింగ్ తప్పు ఇది."

"సూసిన్రా సారు?"

"చూశాను."

"మరి నాకు చెప్పకపోతిరి."

"నీకు చెబితే నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే నేను రాయాలి. రాస్తే అది పైకి వెళ్ళాలి. తల తిరిగే మనిషి పైకి ఎక్కకూడదని రూల్. నువ్వు ఎక్కలేదు. ఇంటికి పంపమని రూల్‌లో ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను."

"ఆయన బతుకులో పైకి పంపని కాగితం అదొక్కటే రాజన్నా," అంది వసుంధర. "నెల రోజులు అన్నం సరిగా తినలేదు."

కృష్ణప్రసాద్ గారు ఆ మాట విననట్టు పెన్ను తీసి, నంబరు ఒకటి మీద 'పూర్తయింది' అని రాసి, సంతకం కోసం రాజన్న ముందుకు తోశారు. రాజన్న సంతకం పెట్టాడు. లేచి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. సారు నవంబరులో కట్టిన అంటు అక్కడే ఉంది. నాలుగు వారాలు దాటింది. ప్లాస్టిక్ పట్టీ లోపలి నుంచి రెండు లేత ఆకులు బయటికి తొంగి చూస్తున్నాయి.

"సారు, ఇది ఇప్పి సూసిన్రా?"

"లేదు," అన్నారాయన. మళ్ళీ ఆయనే, "రాత్రి పూట టార్చి వేసి దూరం నుంచి చూశాను," అన్నారు.

"అంటుకున్నది సారు."

కృష్ణప్రసాద్ గారు దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా చూశారు. వరల్డ్ కప్పు ఇప్పుడే గెలిచినవాడిలా నిలబడ్డారు. రాజన్న బల్ల మీది ఖాళీ ఫారం ఒకటి తీసుకుని, వెనక వైపు తిప్పి, నిలబడే నెమ్మదిగా తెలుగులో రాశాడు. రాయడం పూర్తయ్యాక రెండు చేతులతో అందించాడు.

అందులో ఇలా ఉంది: 'కృష్ణప్రసాద్ సారుకు అంటు కట్టుడు వచ్చింది. ఇట్లు, రాజన్న.'

కృష్ణప్రసాద్ గారు అది చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మూడోసారి చదివారు. ఆయన ఏమంటారోనని వసుంధర గుమ్మంలోంచి చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మీరు తేదీ వేయలేదు, రాజన్నా," అన్నారు, పెన్ను అందిస్తూ.